పెల్లెట్ స్మోకర్: ఆపడం వేరు, ఆర్పడం వేరు

మొన్న డాలస్‌లో ఓ ఫ్రెండ్ వాళ్ళింట్లో చికెన్ స్మోక్ చేశాం. తినడాలు అయ్యాక, ఇంక దీంతో పనేముందిలే అని నేనే వెళ్ళి ప్లగ్ పీకేశా. కాసేపయ్యాక చూస్తే పొగ గొట్టంలోంచి కాదు, పెల్లెట్లు పోసే డబ్బా మూతలోంచి వస్తోంది! మావాడు పరిగెత్తుకొచ్చి మళ్ళీ ప్లగ్ పెట్టి స్క్రూ తిప్పిస్తే, అంటుకున్న పెల్లెట్లన్నీ నిప్పుగిన్నెలోకి తోసుకుపోయాయి. వాళ్ళావిడ నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను లెండి.

రోజూ సర్వర్లు షట్‌డౌన్ చేసేవాణ్ణి, ఇదెందుకు చేతకాలేదని కూర్చుని తవ్వితే తేలింది, ఈ గొడవ నలభై ఏళ్ళ నాటిదని.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో రంపపు పొట్టుని గట్టిగా నొక్కి గుళికలు చేసి ఇళ్ళు వెచ్చబెట్టుకోవడం మొదలైంది. 1980ల మొదట్లో బోయింగ్‌లో ఇంజినీరైన జెర్రీ విట్‌ఫీల్డ్ ఇళ్ళలో వాడే పెల్లెట్ స్టవ్ చేశాడు. ఆ దశకం మధ్యలోనే ఆరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్‌లో జో ట్రేగర్ అదే గుళికలతో వంటపొయ్యి చేశాడు. పేటెంట్ 2006లో ముగిసిపోయాక మిగతా కంపెనీలన్నీ దిగాయి.

అసలు తేడా ఇక్కడుంది. చాలా పెల్లెట్ స్టవ్వుల్లో స్క్రూ గుళికల్ని పైకి మోసుకెళ్ళి నిప్పులో పడేస్తుంది, అంటే మధ్యలో ఖాళీ ఉంటుంది. స్మోకర్‌లో స్క్రూ అడ్డంగా తిన్నగా నిప్పుగిన్నెలోకే దూరుతుంది. నిప్పుకీ డబ్బాకీ మధ్య ఉన్నది గుళికలతో నిండిన గొట్టం ఒక్కటే. ఫ్యాన్ ఆగితే గిన్నెలో మిగిలినవి మెల్లగా రాజుకుంటూ వెనక్కి పాకుతాయి. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పొట్టు పొయ్యి ఉండేది. కూరిన పొట్టు అయిపోయేదాకా మండాల్సిందే, మధ్యలో ఆర్పే పద్ధతే లేదు. ఇదీ దానికి చుట్టమే, కాకపోతే కరెంటు చుట్టం :)

మొదట్లో నాబ్ మీద లో, మీడియం, హై అంతే. తర్వాత డిజిటల్ కంట్రోలర్లు వచ్చాయి. స్మోక్ మీద పెడితే స్క్రూ 15 సెకన్లు తిరిగి 65 సెకన్లు ఆగడం మామూలు సెట్టింగు. వాటితోపాటే షట్‌డౌన్ సైకిలూ వచ్చింది: స్క్రూ ఆగుతుంది, ఫ్యాన్ మాత్రం ఓ పది నిమిషాలు తిరిగి మిగిలిందంతా కాల్చేస్తుంది. లోపల లేని ఖాళీని ప్రోగ్రామ్‌తో పూడ్చారన్నమాట. నాకైతే ఇది డిజైన్ తప్పుకి వేసిన ప్యాచ్‌లాగే అనిపిస్తుంది.

అందుకే సైకిల్ పూర్తయినా పొగ ఆగకపోతే ముందు బోర్డుని అనుమానించక్కర్లేదు. గిన్నెలో బూడిద నిండి గాలి కన్నాలు మూసుకుపోయాయేమో చూడాలి. పెల్లెట్లు తడిస్తే ఉబ్బి పొడై, గొట్టంలో సిమెంటులా బిగుసుకుంటాయి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాలి. మధ్యలో కరెంటు పోతే మాత్రం ఏ ప్రోగ్రామూ పనిచెయ్యదు, దగ్గరే ఉండి కనిపెట్టుకోవాలి. కరెంటొచ్చాక గిన్నెలో పేరుకున్నది తీసెయ్యకుండా వెలిగిస్తే మంట ఒక్కసారిగా ఎగుస్తుంది.

అన్నట్టు, మావాడు ఆ ప్లగ్ పక్కన కాగితం అంటించాడు. నా పేరు రాసి, కింద "వీడు ముట్టరాదు" అని.