బురదలో బిగుసుకుపోయిన తుపాకీ

కోతలయ్యాయి, కాస్త తీరిక దొరికింది. ఈసారి పంటల సంగతి పక్కన పెట్టి ఒక తుపాకీ కథ రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన చిన్నప్పుడు ఎలక్షన్లకో జాతరకో బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్ల భుజాన పొడుగు తుపాకీ ఉండేది గుర్తుందా? త్రీనాట్‌త్రీ అనేవాళ్లం. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో కూడా తయారయ్యేది. దాని పని మన తలుపు గడియ లాంటిదే. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా గుల్ల బయట పడుతుంది. ముందుకు నెట్టి కిందకు దించితే కొత్త తూటా లోపలికెళ్లి గడియ పడుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ గడియ లోపలున్న సన్నటి పిన్ను తూటా వెనక పొడుస్తుంది, పేలుతుంది. ఈ గడియనే బోల్టు అంటారు.

నేను చెప్పబోయేది దీని గురించి కాదు, దీనికి పోటీగా వచ్చి ఓడిపోయిన రాస్ రైఫిల్ గురించి.

బోయర్ యుద్ధం రోజుల్లో కెనడా వాళ్లు తుపాకులు కావాలంటే బ్రిటన్ సమకూర్చలేకపోయింది. అప్పుడు సర్ చార్లెస్ రాస్ అనే స్కాట్లాండు జమీందారు, తనే ఒక తుపాకీ తయారు చేశానని ముందుకొచ్చాడు. 1902లో బేరం కుదిరింది, క్విబెక్ నగరంలో ఫ్యాక్టరీ లేచింది. ఆయన తుపాకీలో పిడి ఎత్తడం, దించడం ఉండదు. తిన్నగా లాగు, తిన్నగా నెట్టు, అంతే. బోల్టు లోపల మెలికల గాళ్లు ఉంటాయి, తల దానంతటదే తిరిగి బిగుస్తుంది. చూడ్డానికి భలే తెలివి. గురి కూడా గొప్పగా ఉండేది. ఇంగ్లండులో బిస్లీ పోటీల్లో బహుమతులు కొట్టింది.

కానీ బిగుసుకుపోయిన మేకును మనం ఎలా పీకుతాం? ముందు కాస్త మెలిపెట్టి, వదులయ్యాక లాగుతాం. లీ ఎన్‌ఫీల్డ్ పిడి పైకెత్తడంలో ఉన్నది ఆ మెలికే. రాస్‌లో ఆ సాయం లేదు. గుల్ల ఇరుక్కుంటే మనిషి రెక్కల బలమే దిక్కు.

హెచ్చరికలు ముందే వచ్చాయి. కెనడా గుర్రపు పోలీసులు తొలి రకం రాస్‌ను వాడి చూస్తుంటే 1906లో బోల్టు వెనక్కి ఎగిరొచ్చి ఒక సార్జెంట్ మేజర్ కన్ను పోయింది. పోలీసులు పాత తుపాకులకే తిరిగిపోయారు. సైన్యం మాత్రం మార్పులు చేసుకుంటూ దాన్నే పట్టుకుంది. 1911లో సైనిక మంత్రి అయిన శామ్ హ్యూస్‌కు ఈ తుపాకీ అంటే ప్రాణం.

1915 ఏప్రిల్ 22. బెల్జియంలో ఈప్ర అనే ఊరి దగ్గర జర్మన్లు క్లోరిన్ విషవాయువు వదిలారు. కెనడా మొదటి డివిజన్ అక్కడే ఉంది. ఒకపక్క గాలి ఆడదు, ఇంకోపక్క జర్మన్లు మీదికొస్తున్నారు. నాలుగు తూటాలు గబగబా కాల్చేసరికి బోల్టు రాదు. బూటు మడమతో తన్నారు, పారల పిడులతో కొట్టారు. చచ్చిపోయిన బ్రిటిష్ సైనికుల పక్కనున్న లీ ఎన్‌ఫీల్డులు ఏరుకున్నారు. ఆ యుద్ధం నుంచి బతికి బయటపడ్డ 5,000 మంది కాల్బలంలో 1,452 మంది తమ రాస్‌ను పారేసి వచ్చారు. సైనికుడు తన తుపాకీ పారేయడమంటే కాడెద్దును అడవిలో వదిలేసి రావడం లాంటిది. ఎంత విసిగితే ఆ పని చేస్తాడు!

మన వాళ్లూ ఆ నేల మీద ఉన్నారు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, భారత సైన్యపు లాహోర్ డివిజన్ అక్కడే దాడికి దిగింది. వాళ్ల చేతుల్లో ఉన్నది లీ ఎన్‌ఫీల్డే.

ఇక రోగం ఏంటో వెతకడం మొదలైంది. మొదట తూటాలదే తప్పన్నారు. అందులో కొంత నిజం ఉంది. కెనడా తూటాలకు సరిపోయేలా తూటా గదిని బిగుతుగా కట్టారు. బ్రిటన్ తూటాలు కొలతలో ఒక పిసరు ఎక్కువ. సరేనని గదుల్ని తొలిచి వెడల్పు చేశారు. కొంత నయమైంది గానీ పూర్తిగా కుదరలేదు.

అసలు సంగతి తర్వాత తేలింది. రాస్ మార్క్ 3లో బోల్టు తలకున్న పళ్లు మరచుట్లలా కోసి ఉంటాయి. బోల్టును వెనక్కి లాగినప్పుడు అది ఊడిపోకుండా ఒక చిన్న ఇనుప ముక్క ఆపుతుంది. ఆ ముక్క తగిలేది మరలో కొద్దిపాటి చోటే. గట్టిగా లాగిన ప్రతిసారీ అక్కడ దెబ్బ పడి మర అంచు నలిగిపోయేది. నలిగిన మర మళ్లీ లోపలికి దూరదు. ట్రాక్టరు బోల్టు మొనను సుత్తితో బాదితే నట్టు ఎక్కుతుందా? ఇదీ అంతే. పాపం ప్రాణభయంతో ఎంత గట్టిగా తన్నితే అంత చెడింది. ఆపే ముక్కను పెద్దది చేశారు, బోల్టు తలను కాల్చి గట్టిపరిచారు. మందు దొరికింది గానీ సైనికుడికి దాని మీద నమ్మకం పోయింది.

రాస్ వద్దని గట్టిగా చెప్పినవాడు కెనడా దళాల సేనాపతి ఆల్డర్సన్. హ్యూస్‌తో గొడవ ముదిరింది. 1916 మేలో ఆయన్ని అక్కడి నుంచి మార్చేశారు, దానికి ఈ తగాదా కూడా ఒక కారణం. అదే ఏడాది రాస్‌ను కాల్బలం నుంచి తీసేశారు. నవంబరులో హ్యూస్ పదవి పోయింది. 1917లో ప్రభుత్వం ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంది.

ఒక్క మాట మాత్రం రాస్‌కు న్యాయంగా చెప్పాలి. చాటున కూర్చుని ఒక్కో గుండే కాల్చే గురికాళ్లు దాన్ని వదల్లేదు. కెనడా ఆదివాసీ వీరుడు ఫ్రాన్సిస్ పెగామగబో వాడింది రాస్‌నే. తుపాకీని శుభ్రంగా తుడుచుకుని, తూటాలు ఏరుకుని, తీరిగ్గా కాల్చేవాడికి అది బంగారం. అలాంటి తీరిక కందకంలో ఎవడికుంటుంది?

ఇంకో లోపం ఉంది, అది ఇప్పటికీ భయపెడుతుంది. శుభ్రం చేయడానికి బోల్టు విప్పి మళ్లీ పెట్టేటప్పుడు పొరపాటుగా అమర్చే వీలుంది. అప్పుడు తల బిగుసుకోదు గానీ పిన్ను మాత్రం పొడుస్తుంది, తూటా పేలుతుంది, బోల్టు కాల్చినవాడి మొహం మీదికే వస్తుంది. తప్పుగా ఎక్కకుండా కొన్ని తుపాకుల బోల్టుకు చిన్న రివిట్ కొట్టారు. పాత తుపాకులు పోగుచేసేవాళ్లు ఈ రోజుకీ రాస్ కనబడితే మొట్టమొదట ఆ రివిట్ ఉందా లేదా అనే చూస్తారు.