చందా ఇచ్చాం సరే, బడి నడుస్తోందా?

1991లో అమెరికాలోని బర్క్‌లీలో సందీప్ పాండే, ఆయన మిత్రులు ‘ఆశా’ సంస్థ మొదలుపెట్టారు. దాని వాలంటీర్లు ఇండియా వచ్చినప్పుడు, చందా పంపిన బడికి స్వయంగా వెళ్లి చూసి రిపోర్టు రాస్తారు.

కానీ చెప్పి వెళ్తే ఏ బడైనా కళకళలాడుతుంది కదా! 2003లో ఉదయ్‌పూర్ ప్రాంతంలో సేవా మందిర్ నడిపే సింగిల్ టీచర్ బడులకి చెప్పకుండా వెళ్లి లెక్క తీయడం మొదలైంది. మామూలు బడుల్లో టీచర్ల గైర్హాజరీ 42 శాతం! రోజూ టీచరు, పిల్లలు ఫొటో దిగాలి, హాజరును బట్టే జీతం అన్నచోట 21 శాతానికి తగ్గింది. పిల్లల మార్కులూ పెరిగాయి.

అందుకే బడికి వెళ్తే పూలదండలు కాదు, హాజరు పట్టీ చూడండి. పిల్లల చేత ఒక పేజీ చదివించండి. టీచరు రాకపోతే పోయేది మన చందా ఒక్కటే కాదు, వాళ్ల చదువు.