తవుడు చెప్పిన పాఠం

"సూపర్‌ఫుడ్" అనే మాట మీరు ఈ మధ్య తరచుగా వింటున్నారు. దూరదేశాల గింజల మీద ఆ చీటీ అంటించి ఖరీదుగా అమ్ముతున్నారు. ఒకసారి మన తవుడు సంగతి చూడండి.

1890లలో జావా ద్వీపంలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ కోళ్ళను పరిశీలించాడు. బాగా పాలిష్ చేసిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. పాలిష్ చేయని బియ్యం పెడితే కోలుకున్నాయి. మనుషులకు వచ్చే బెరిబెరి వ్యాధి కూడా ఇలాంటిదే. తెల్లబియ్యంలో ఏదో విషం ఉందని ఆయన మొదట భావించాడు. ఉన్నది విషం కాదు, లోపించినది పోషకం అని 1901లో గ్రైన్స్ వివరించాడు. లేని పదార్థం కూడా రోగానికి కారణం కావచ్చునన్నమాట! ఆ పోషకమే థయమిన్, అంటే విటమిన్ బి1.

బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ ఉండేది. అక్కడ మరపట్టిన పచ్చిబియ్యం తినేవారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అరుదు. ఎందుకంటారా? వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు బి1 నీటిలో కరిగి గింజ లోపలికి చేరుతుంది. తరువాత మరపట్టినా చాలావరకు నిలుస్తుంది.

1918లో కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధన కోసం ఒక చిన్న ప్రయోగశాల ప్రారంభించాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

బియ్యం పదేపదే కడిగినా, గంజి వార్చినా బి1 పోతుంది. మన ఇళ్ళలో ఆ కడుగు, గంజి, తవుడు కలిసి కుడితిగా గేదెలకు చేరేవి. బలం వాటికి, తెలుపు మనకు! దంపుడు బియ్యం దొరకకపోతే గంజి వార్చకుండా అత్తెసరు పెట్టించండి. పప్పులు, వేరుశనగలు కూడా బి1 ఇస్తాయి.