వేంగీమండలమునఁ జోళరాజపుత్రుల పాలనము

తూర్పుచాళుక్యుల తామ్రశాసనములు వంశక్రమమును వర్ణించుచు నొకచోట నాఁగి, యిరువదియేడు సంవత్సరములు వేంగీభూమి అనాయకమై యుండెనని చెప్పును. ఇది దానార్ణవుఁడు హతుఁడైన క్రీ.శ. 973 మొదలు శక్తివర్మ రాజ్యమునకు వచ్చిన 1000 ప్రాంతము వఱకుఁ గల కాలము. పిఠాపురమునఁ గుంతీమాధవాలయమందలి మల్లపదేవుని శాసనము (శా.శ. 1124, క్రీ.శ. 1202) తరువాతి కాలమునుగూర్చి చెప్పుచు, విక్రమచోడుఁడు చోళమండలమును రక్షింపఁ బోయిన పిమ్మట వేంగీభూమి నాయకరహిత యయ్యె నన్నది. మొదటి శబ్దము నఞ్‌బహువ్రీహి, రెండవది తృతీయాతత్పురుషము. విగ్రహము వేఱైనను ఫలితార్థ మొక్కటియే. చరిత్రార్థము మాత్ర మొక్కటి కాదు. మొదటి నాయకరాహిత్యమును మాన్పుటకై చోళులు పూనిన యుపాయమే రెండవదానికి దారితీసెనని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట అనాయకశబ్దమును విమర్శింపవలయును. ఆ యిరువదియేడేండ్లును వేంగికిఁ బ్రభువు లేకపోలేదు. దానార్ణవునిఁ జంపిన జటాచోడభీముఁడు రాజ్యము చేయుచునే యుండెను. చాళుక్యవంశ్యుఁడు సింహాసనమునందు లేకుండుటచే శాసనకవులు భూమినే అనాయక మనిరి. దానార్ణవుని పుత్రులగు శక్తివర్మ విమలాదిత్యులు చోళ రాజరాజు నాశ్రయింపఁగా, నతఁడు సైన్యబలముచే శక్తివర్మను నిలిపి, తన కూఁతురు కుందవ్వను విమలాదిత్యున కిచ్చెను. వారి పుత్రుఁడు రాజరాజనరేంద్రుఁడు చోళ రాజేంద్రుని కూఁతురగు అమ్మంగదేవిని వివాహమాడెను. ఇట్లు రెండుతరములు చోళులు వేంగిని బాంధవ్యముచేతనే వశమునం దుంచుకొనిరి. పాలనమును మాత్రము చాళుక్యులకే విడిచిరి.

ఈ యేర్పాటు దేశమునకు శాంతి నీయలేదు. రాజరాజనరేంద్రుఁడు శా.శ. 944 (క్రీ.శ. 1022)లో నభిషిక్తుఁడయ్యెను. విమలాదిత్యుని మఱియొక రాణికిఁ బుట్టిన విజయాదిత్యుఁడు రాజ్యార్థియై కల్యాణి చాళుక్యుల సాహాయ్యమును బడసి, 1030 ప్రాంతమునఁ దానును బట్టము గట్టుకొనెను. దాయాదుల కలహము రెండు మహారాజ్యముల కలహమై, కృష్ణాగోదావరుల నడిమి దేశము సైన్యములకుఁ ద్రోవ యయ్యెను. 1061 ప్రాంతమున నరేంద్రుఁడు గతింపఁగా రాజ్యము విజయాదిత్యునకే చిక్కెను. నరేంద్రుని కుమారుఁడు రాజేంద్రుఁడు 1070లోఁ జోళసింహాసన మెక్కి కులోత్తుంగుఁడని ప్రసిద్ధి గాంచెను.

కులోత్తుంగుని పుత్రుల శాసనము లీ వృత్తాంతమును వేఱుగాఁ జెప్పును. దిగ్విజయకాంక్షచే నతఁడు వేంగిని బినతండ్రికిఁ దానే యొప్పగించెననియు, ఆ పినతండ్రి పదునైదేండ్లు పాలించెననియు వాని మాట. ఈ లెక్కను బరిశీలింపవలయును. విజయాదిత్యుని పాలన మంతమైనది 1076 ప్రాంతము. అందుండి పదునైదేండ్లు వెనుకకుఁ బోయిన 1061 వచ్చును. అప్పటికిఁ గులోత్తుంగునకుఁ జోళరాజ్యము రానే లేదు. కావున శాసనములు దానమనినది నిజముగా నపహరణమే యని తలఁచుట సంగతము. కుటుంబకలహమును గప్పిపుచ్చుట యా కవులకు విధియైనది.

విజయాదిత్యుని యనంతరము కులోత్తుంగుఁడు వేంగికి మఱియొక చాళుక్యశాఖవానిని వెదుకలేదు. తన కుమారులనే యొకరివెనుక నొకరినిఁ బంపెను. 1076 ప్రాంతమున వచ్చిన రాజరాజ ముమ్మడిచోడుఁడు, రాజ్యసుఖము గురుజనపాదసేవాసుఖమునకు సాటిరాదని యెంచి, యొక్క సంవత్సరమునకే తండ్రికడకు మరలెనఁట. ఇది పితృభక్తివర్ణనమే యైనను, వచ్చిన రాజపుత్రుని చిత్తము వేంగియందు లేదనుటకును సాక్ష్యమే. 1078లో వీరచోడుఁడును, 1084లో రాజరాజ చోడగంగుఁడును వచ్చిరి. అయిదేండ్లు గడచుసరికి వీరచోడుఁడే మరలఁ బంపఁబడెను. పదునాలుగేండ్లలోపల నిట్లు నాలుగు నియోగములు జరిగెను.

ఈ పాలనమున గుణము లేకపోలేదు. సింహాసనమునకై దాయాదుల పోరు నిలిచెను. చోడగంగుని టేకి శాసనము తెలికివారికి వివాహోత్సవమున నశ్వారోహణాది గౌరవముల నిచ్చినది. వీరచోడుని చెల్లూరు శాసనము సేనాపతి మేడమార్యుఁడు కట్టించిన విష్ణ్వాలయమునకు గ్రామము నొసఁగినది. దేశమందలి వర్గములను మన్ననచేఁ దమవైపునకుఁ ద్రిప్పుకొనుట యా రాజపుత్రు లెఱుఁగుదురు. కాని పాలకులు మాఱుచుండఁగా మాఱక నిలిచినవారు సామంతులు. పృథ్వీశ్వరుని పిఠాపుర శాసనము (శా.శ. 1108, క్రీ.శ. 1186) ఈ మార్పును జక్కఁగాఁ జూపును. వెలనాటి వేదురుఁడు పాండ్యునితోడి యుద్ధమున వీరచోడునకుఁ దోడ్పడి, యర్ధాసనమును రెండునదుల నడిమి దేశమును బడసెను. వెలనాటి గొంకని కుమారుఁడగు చోడుని గులోత్తుంగుఁడు పుత్రునిగాఁ జేకొని వేంగి పదాఱువేల నాటి నొసఁగెను. కన్నకొడుకులు నిలువని చోటఁ జేకొన్న కొడుకు నిలిచెను.

1118లో విక్రమచోడుఁడు తండ్రిరాజ్యమునకై దక్షిణమునకుఁ బోయినప్పుడు ఫలము బయటఁబడెను. కల్యాణి విక్రమాదిత్యుని యధికారము వేంగిలోఁ బ్రవేశించెను. అతని దండనాయకుఁడు అనంతపాలుఁడు దేశము నేలెను. ఏ శత్రువును దూరముగా నుంచుటకుఁ జోళులు నూఱేండ్లకుఁ బైగా శ్రమపడిరో, యా శత్రువే పాలకుఁడు లేని యింటఁ బ్రవేశించెను.

సాహిత్యపరిశోధకు లీ కాలమునందు మఱియొక విషయమును గమనింపవలయును. నన్నయభట్టు భారతరచనకు నాశ్రయమైన రాజమహేంద్రవరసభవంటి సభ రాజపుత్రుల కాలమున వేంగియందుఁ గానరాదు. భారతము నిలిచిపోవుటకు నిదియే హేతువనుట సాహసము. అది మరల సాగినది పదుమూఁడవ శతాబ్దమున, నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమందలి తిక్కనచేత ననుట మాత్రము స్మరణీయము.

మొదటి నాయకరాహిత్యము ప్రభువు పరుఁడగుటచేఁ గలిగినది. రెండవది ప్రభువు పరదేశమందుండుటచేఁ గలిగినది. వ్యాకరణమున స్థానియొక్క కార్యము లాదేశమునకు శాస్త్రబలముననే సిద్ధించును. రాజ్యమున నట్లు కాదు. తొలఁగింపఁబడిన వంశముయొక్క స్థానమున నిలిచినవాఁడు, ఆ దేశముననే నివసించి, యచ్చటివారి కష్టసుఖములతోఁ గలసినఁ గాని దాని గౌరవమును బొందఁడు. కులోత్తుంగుఁడు సింహాసనమును నింపెను గాని నాయకత్వమును నింపలేకపోయెను.