హ్యాండుబ్యాగులో రివాల్వరు

మా ఏలూరు ఆడవాళ్ళ కబుర్లలో ఆత్మరక్షణకు రివాల్వరు మాట వస్తే నేను చెప్పేదొకటే: ఏ సైజు తూటా మంచిదో ఎంచుకునే వీలు మనకెప్పుడూ లేదమ్మా! 1878లో లిట్టన్ దొరగారి చట్టం లైసెన్సు పెట్టింది, మనకేగానీ తెల్లవాళ్ళకు కాదు. 1959లో మన చట్టం వచ్చినా పోలీసులూ, సైనికులూ వాడే .38, 9 ఎం.ఎం. సైజులు మామూలు జనానికి నిషిద్ధమే. మిగిలినవాటిలో ఒకటి .32, అంటే గొట్టం బెజ్జం అంగుళంలో మూడోవంతు లోపే. 2012 ఢిల్లీ ఘోరం తరవాత, 2014లో కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆ సైజులోనే ఆడవాళ్ళకని ‘నిర్భీక్’ చేసింది. అరకిలో బరువు, అప్పట్లో ధర 1,22,000 రూపాయల పైమాట! తాడేపల్లిగూడెం టీచరమ్మే అమ్మో అంటుంది. ఇక చేపలమ్మి పొద్దుపోయాక కొల్లేటి లంకకు తిరిగెళ్ళే ఆవిడ మాటేమిటి? ఆవిడకు కావలసింది బస్సు దిగినచోట ఓ దీపం, కేకేస్తే పలికే నాలుగిళ్ళు.