మాడ్యులర్ స్మార్ట్‌ఫోన్లు, బహిరంగ ప్రమాణాలు

తెర, బ్యాటరీ, కెమెరా వంటి భాగాలను దేనికది ఊడదీసి మార్చుకోగలిగే ఫోన్‌ను మాడ్యులర్ ఫోన్ అంటారు. ఎవరు చేసిన భాగమైనా అందులో అమరాలంటే కొలతలు, అనుసంధాన నియమాలు అందరికీ అందుబాటులో ఉండాలి. వీటినే బహిరంగ ప్రమాణాలంటారు.

సింప్యూటర్

చేతిలో ఇమిడే కంప్యూటర్ నమూనాను అందరికీ తెరిచిపెట్టిన తొలి భారతీయ ప్రయత్నాల్లో ఒకటి సింప్యూటర్. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎన్‌కోర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే తదితరులతో కలిసి 1999లో సింప్యూటర్ ట్రస్టును నెలకొల్పారు. 2001లో నమూనా వెలువడింది. లైనక్స్‌తో నడిచే ఈ పరికరంలో స్మార్ట్ కార్డు పెట్టే చోటు ఉండేది. కొనే స్తోమత లేనివారు తమ కార్డు పెట్టి, తమ వివరాలు చూసుకుని, పరికరాన్ని పక్కవారికి ఇవ్వవచ్చు. హార్డ్‌వేర్ నమూనాకు సైతం ప్రత్యేక బహిరంగ లైసెన్సు రాయడం దూరదృష్టి గల పని. పికోపెటా, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి 2004లో ‘అమిడా’ పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చాయి. అమ్మకాలు మాత్రం ఆశించినంత సాగలేదు.

ఆరా, ఫెయిర్‌ఫోన్

2013లో డచ్ డిజైనర్ డేవ్ హాకెన్స్ ‘ఫోన్‌బ్లాక్స్’ అనే మాడ్యులర్ ఫోన్ ఊహను ప్రచారంలోకి తెచ్చారు. అదే ఏడాది మోటొరోలా ప్రకటించిన మాడ్యులర్ ఫోన్ ప్రాజెక్టు ‘ఆరా’ను గూగుల్ 2016లో విరమించుకుంది. 2015 నాటి ఫెయిర్‌ఫోన్ 2లో తెరను ఏ పనిముట్టూ లేకుండానే విడదీయవచ్చు. లోపలి భాగాలకు మామూలు స్క్రూడ్రైవర్ చాలు.

భద్రాచలం అటవీ సరిహద్దు

భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతానికి మాడ్యులర్ ఫోన్ల కన్నా ఎక్కువగా ఉపకరించినవి సాఫ్ట్‌వేర్, సమాచార ప్రమాణాలే. 1991లో అక్షర సంకేతాల ప్రమాణమైన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దక్కింది. ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల్లో కోయ భాషను తెలుగు లిపిలో రాస్తున్నందున ఆ మేలు కోయకూ అందింది. కోయకు దగ్గరి బంధువైన గోండీలో, సరిహద్దుకు అవతల ఛత్తీస్‌గఢ్‌లో, 2010లో శుభ్రాంశు చౌదరి ప్రారంభించిన సీజీనెట్ స్వర ఫోన్ కాల్‌నే వార్తా వేదికగా మార్చింది. అడవి పల్లెలు ఫోన్‌లో రికార్డు చేసిన కబుర్లను, పాటలను ‘బుల్టూ రేడియో’ ద్వారా బ్లూటూత్‌తో ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు పంచుకున్నాయి. ఏ కంపెనీ ఫోనన్న అడ్డు లేకపోవడమే దీని బలం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండీ లిపి 2018లో 63 అక్షర సంకేతాలతో యూనికోడ్‌లో చేరింది. ఆ రాతప్రతులను జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది.

మరమ్మతు హక్కు

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మొబైల్ ఫోన్లు అందులో ఒక విభాగం. కంపెనీ సేవాకేంద్రం దూరమైన పల్లెలకు విడిభాగాలు, మరమ్మతు వివరాలు దక్కడమే ఈ హక్కు సారం.