మాటలాడు బొమ్మ యెవరి సొత్తు?

సికిందరాబాదులో మేము పాఠము చెప్పుచుండగా నొకనాడు సింహాసనద్వాత్రింశిక కథ ప్రస్తావమునకు వచ్చినది. ఒక బాలిక లేచి, "అయ్యా, సింహాసనము భోజునికి దొరకినది గదా, దాని బొమ్మలును ఆయనవే గదా, అవి యాయన నెట్లు కాదనును?" అని యడిగెను. పాఠమునకు విఘ్నమగుచున్నదని మేమామెను కూర్చుండుమంటిమి.

కథ చదువరు లెరిగినదే. ఇంద్రుడు విక్రమార్కున కిచ్చిన సింహాసనము ఆయన యనంతరమున భూమిలో మరుగుపడెను. చిరకాలమునకు ఆ చోటు చేనయ్యెను. చేని కాపరియగు బ్రాహ్మణుడు మంచెపై నున్నంతసేపు దాత; దిగినతోడనే లోభి. ధారాపతియైన భోజుడు ఆ వింత గని, త్రవ్వించి, సింహాసనమును వెలికిదీయించెను. ఆయన యెక్కబోయినప్పుడెల్ల నొక సాలభంజిక యడ్డగించి, విక్రమార్కుని యౌదార్యమును వినిపించి, అట్టి గుణము నీకు గలదా యని ప్రశ్నించెను. ఇట్లు 32 బొమ్మలును ప్రశ్నించినవి.

భోజుడు 11వ శతాబ్దమువాడు గావున, ఆయన పాత్రగా గల యీ కథ యటుపిమ్మటిదే. 15వ శతాబ్దమున తెలంగాణ కవియగు కొరవి గోపరాజు దీనిని తెనుగున కావ్యముగా రచించెను.

ఇంతకును ఈ బొమ్మ లెవరు? సంస్కృత కథలో వీరు శాపగ్రస్తలైన దివ్యాంగనలు; భోజునికి కథలు చెప్పి ముగించినంతనే విముక్తలైరి. శాపము వారి రూపమును మార్చినది గాని స్మృతిని మార్చలేదు. చూచినదానిని వారు మరవలేదు. తగనిదానిని తగదనుట మానలేదు. వస్తువునకును వ్యక్తికిని గల భేద మిదియే యని మాకు తోచుచున్నది.

1951లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన పాతాళభైరవి చిత్రములోని ప్రతిమను దీనితో పోల్చి చూడుడు. దాని శక్తి యపారము. అయినను రాముని చేత నున్నప్పుడు రాముని కోరికను, మాంత్రికుని చేత బడినప్పుడు మాంత్రికుని కోరికను తీర్చును. ఇది ధర్మమా యని యడుగదు. అంత మహిమ గలిగియు నది పనిముట్టే. సాలభంజికలు మేడలను సృష్టింపలేదు. కాని మహారాజును నిలువరింపగలిగినవి.

కావున సింహాసనము భోజుని సొత్తు కావచ్చును. బొమ్మలు మాత్రము కావు. మన యిండ్లలో నాడుపిల్లలకును పనివారికిని చెప్పినది చేయుటయే సుగుణమని నేర్పుచున్నాము. అనగా పాతాళభైరవి ప్రతిమను మెచ్చి, సాలభంజికను నోరు మూయుమనుచున్నాము. ఆనాడు మేము చేసినదియు నదియే. ఆ బాలిక ప్రశ్నకు సమాధాన మిన్నాళ్లకు దొరకినది. ఆమెను కూర్చుండుమన్నందులకు మాత్రము సమాధానము లేదు.